బాలింత చేతికి చెంబెడు నీళ్ళు



నా మొదటి కాన్పయిన ఐదో రోజు. మా అమ్మ నాకు నీళ్ళు పోస్తోంది. కాగు నిండా వేడినీళ్ళు. వేపాకు వేసి కాచింది. ఒళ్ళంతా పసుపు రాసింది. కుంకుడుకాయ రసం మరిచిపోయి వంటింట్లోకి వెళ్ళింది. ఆమె తిరిగి రావడానికి అరనిమిషం పట్టదు. ఆ అరనిమిషంలో నేను బకెట్లో నీళ్ళు దోసిట పట్టుకుని గబగబా తాగేశాను. గోరువెచ్చటి నీళ్ళు. వేపాకు చేదు. అంత రుచిగల నీళ్ళు నేను మళ్ళీ తాగలేదు.

పుట్టింట్లో దొంగతనంగా నీళ్ళు తాగానండీ. ఎందుకంటే రోజంతటికీ రెండు చిన్న గ్లాసుల సొంఠినీళ్ళకు మించి అమ్మ నాకు ఇవ్వలేదు. నా మీద ప్రేమ లేక కాదు. రాత్రిళ్ళు నా మంచం పక్కనే చాప వేసుకుని పడుకుంది. బిడ్డ కదిలితే నాకంటే ముందు లేచేది. కానీ, "బాలింత నీళ్ళు తాగితే ఒళ్ళు నీరు పడుతుంది, పొట్ట జారుతుంది, పసిబిడ్డకు జలుబు చేస్తుంది" అని వాళ్ళమ్మ ఆమెకు చెప్పింది. ఆమె నాకు చెప్పింది. నేను నాలుక పిడచకట్టుకుపోయి పడుకున్నాను.

ఆ తరవాత కొన్నేళ్ళకు నేను నర్సు చదువు చదివాను. ముప్పై ఏళ్ళకు పైగా కాన్పుల వార్డులో పనిచేశాను. వందల మంది తల్లుల పక్కన నిలబడ్డాను. ఇప్పుడు రిటైరయ్యాను. ఈ వేళ మీతో ఒకే ఒక్క సంగతి మాట్లాడదామని వచ్చాను. ఇంట్లో బాలింత ఉన్నవాళ్ళు కాస్త దగ్గరగా వచ్చి వినండి. బాలింతా, ఆమెకు పురుడు పోస్తున్న అమ్మా, అత్తగారూ, ఏం చెయ్యాలో తోచక వాకిట్లో తిరుగుతున్న ఆ బిడ్డ తండ్రీ, అందరూ వినండి.

ఆ సంగతి నీళ్ళు. మామూలు నీళ్ళు.

కాన్పయిన మొదటి ఆరు వారాలూ ఒంట్లో ఒకచోట కాకపోతే ఒకచోట బాధ ఉంటుంది. కుట్లు లాగుతాయి. పొత్తికడుపు పిండేస్తుంది. రొమ్ములు రాళ్ళలా అవుతాయి. విరేచనం కాదు. వీటిలో చాలా బాధలకు నీళ్ళతోనే ఉపశమనం దొరుకుతుంది. కొన్నిటికి తాగే నీళ్ళు. కొన్నిటికి పోసుకునే నీళ్ళు. కొన్నిటికి తడిగుడ్డ. మందులు వద్దని నేను అనడంలేదు. డాక్టరు ఇచ్చిన మందు వేసుకోవాల్సిందే. ఆ మందుతో పాటు ఒక చెంబు నీళ్ళు కూడా చేతికందేలా ఉండాలంటున్నాను.

ముందు తాగే నీళ్ళ సంగతి చూద్దాం.

కడుపుతో ఉన్నప్పుడు ఆడదాని ఒంట్లో నీరు చేరుతుంది. రక్తం పెరుగుతుంది. పాదాలు వాస్తాయి. మెట్టెలు బిగుసుకుంటాయి. ఇది మీకందరికీ తెలిసిందే. కాన్పయ్యాక ఆ నీరు ఒంటికి అక్కర్లేదు. అందుకని మొదటి వారం పది రోజులూ ఒళ్ళు ఆ నీటిని బయటికి పంపేస్తుంది. మూత్రం ఎక్కువ అవుతుంది. రాత్రి చెమటతో జాకెట్టు తడిసిపోతుంది. చాలామంది దాన్ని చూసి భయపడతారు. నీరసమనుకుంటారు. జ్వరం లేకపోతే భయం లేదు. ఒళ్ళు తన పని తాను చేసుకుంటోంది. పొడిబట్ట మార్చండి, చాలు.

అంటే ఒళ్ళు నీరు పట్టేది మనం తాగే నీళ్ళ వల్ల కాదు. తాగడం ఆపేస్తే పోదు కూడా. కాన్పయ్యాక ఒకటి రెండు వారాల్లో ఆ వాపు దానంతట అదే దిగుతుంది.

ఇక పాలు. తల్లిపాలలో నూటికి 87 పాళ్ళు నీళ్ళే. పాలు బాగా పడ్డాక తల్లి రోజుకు సుమారు ముప్పావు లీటరు పాలిస్తుంది. ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి? తల్లి ఒంట్లోంచే. పాడిగేదెకు కుడితి తగ్గించే రైతు ఉంటాడా అండీ? ఈనిన గేదె ముందు కుడితి తొట్టి నింపి పెడతాం. కన్న కూతురికి మాత్రం గ్లాసు లెక్కపెట్టి పోస్తాం. ఇది ఆలోచించాల్సిన విషయం.

ఒక మాట జాగ్రత్తగా వినండి. బిందెలు బిందెలు తాగితే పాలు ఎక్కువ పడతాయని నేను చెప్పడంలేదు. అలా పడవు. పాలు పెరిగేది బిడ్డ చీకడం వల్ల. దాహం తీరేదాకా తాగాలి, అంతే. అందుకు నేను వార్డులో ఒక పద్ధతి చెప్పేదాన్ని. బిడ్డకు పాలిచ్చిన ప్రతిసారీ తల్లి ఒక గ్లాసు నీళ్ళు తాగాలి. బిడ్డ రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు తాగుతుంది. తల్లికీ అన్ని గ్లాసులు అందుతాయి. లెక్క రాసుకోనక్కర్లేదు. బిడ్డే గుర్తుచేస్తుంది. సరిపోతున్నాయో లేదో తెలియాలంటే మూత్రం రంగు చూడండి. లేత గడ్డి రంగులో ఉంటే సరిపోతున్నట్టు. ఆవనూనె రంగులోకి తిరిగితే చాలడంలేదన్నమాట.

కాచి చల్లార్చిన నీళ్ళివ్వండి. గోరువెచ్చగా ఇవ్వాలని ఉంటే అలాగే ఇవ్వండి. జీలకర్ర వేసి కాస్తారా, కాయండి. మజ్జిగ ఇవ్వండి. మునగాకు చారు ఇవ్వండి. వెల్లుల్లి, నువ్వులు, పాలసొర పొడి, మా కోస్తా వైపు పథ్యం ఎంత కమ్మగా ఉంటుందో! సొంఠి, మిరియాలు వేసి చేసిన కాయం కూడా తినిపించండి. వాటితో నాకు పేచీ లేదు. కాయంలో వేసేవి ఘాటు దినుసులు. వాటి మీద నీళ్ళు ఆపితేనే నాకు పేచీ.

ఒక్క మినహాయింపు ఉంది. బీపీ వల్ల గానీ, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు వల్ల గానీ, "నీళ్ళు ఇంతే తాగాలి" అని డాక్టరు చెప్పిన తల్లులుంటారు. వాళ్ళు డాక్టరు మాటే వినాలి.

ఇప్పుడు కుట్ల దగ్గరికి వద్దాం. ఆడవాళ్ళు బయటికి చెప్పుకోలేక లోపల్లోపల ఏడ్చే బాధ ఇదే. అందుకే కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. సిగ్గుపడకుండా వినండి.

మామూలు కాన్పులో కింద చర్మం చిరగవచ్చు. లేదా బిడ్డ రావడానికి డాక్టరు చిన్న కోత పెట్టవచ్చు. అక్కడ కుట్లు వేస్తారు. ఆ దారం సాధారణంగా కరిగిపోయేదే. తీయించుకోవాల్సిన పని ఉండదు. ఒక్కోసారి దారం ముక్క రాలి కనిపిస్తుంది. కంగారుపడకండి.

మొదటి ఒకటి రెండు రోజులు అక్కడ వాపు ఉంటుంది. కాలు బెణికిన రోజు ఏం చేస్తాం? చల్లటి గుడ్డ వేస్తాం. ఇక్కడా అంతే. ఐసు ముక్కలు శుభ్రమైన చేతిరుమాల్లో చుట్టి పది పదిహేను నిమిషాలు ఆనించాలి. ఐసు నేరుగా చర్మానికి తగలకూడదు. ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే కుండలో చల్లటి నీళ్ళలో గుడ్డ ముంచి పిండి వేసుకోవచ్చు. "బాలింతకు చల్లదనమా!" అని మీరు ఉలిక్కిపడతారని నాకు తెలుసు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బాలింతల సంరక్షణ గురించి ఇచ్చిన సూచనల్లో కుట్ల నొప్పికి ఈ చల్లటి కాపడం ఉంది. నొప్పికి ముందుగా ఇవ్వాల్సిన మాత్ర పారాసిటమాల్ అని కూడా ఉంది. అది పాలిచ్చే తల్లికి పనికొచ్చే మందే. డాక్టరు చెప్పిన మోతాదులో వేసుకోండి. నొప్పి భరించడం గొప్పతనమేమీ కాదమ్మా. నొప్పి తగ్గితే నువ్వు తిన్నగా కూర్చుని బిడ్డకు పాలివ్వగలుగుతావు.

వార్డులో ఒక అమ్మాయి ఉండేది. మొదటి కాన్పు. రెండో రోజు పొద్దున్నుంచీ మంచినీళ్ళు ముట్టలేదు. పెదవులు ఎండిపోయాయి. ఏమ్మా అంటే, మాట్లాడదు. చివరికి చెవిలో చెప్పింది. "సిస్టరమ్మా, మూత్రానికి వెళ్తే కుట్ల దగ్గర కారం పూసినట్టు మండుతోంది. తాగితే మళ్ళీ వెళ్ళాలి కదా!" పాపం, ఆ పిల్ల చేసిన ఆలోచన ఆమెకు సబబుగానే తోచింది. కానీ జరిగేది తలకిందులు. నీళ్ళు తక్కువైతే మూత్రం చిక్కబడుతుంది. చిక్కటి మూత్రం ఇంకా మండిస్తుంది. పులుసు చిక్కబడితే ఉప్పు ఎక్కువ తెలియదూ? నీళ్ళు పోస్తే తగ్గదూ? అదే ఇది.

ఆమెకు ఒక చెంబు గోరువెచ్చటి నీళ్ళు ఇచ్చాను. "మూత్రం వస్తున్నంతసేపూ ముందు వైపు నుంచి ఈ నీళ్ళు సన్నగా పోసుకుంటూ ఉండు" అని చెప్పాను. బాత్‌రూమ్ తలుపు బయట నిలబడ్డాను. లోపలినుంచి నీళ్ళ చప్పుడు. తరవాత పెద్ద నిట్టూర్పు. తలుపు తీసుకుని వచ్చి, నా చేతిలో గ్లాసు అందుకుని గడగడా తాగింది. మరో గ్లాసు అడిగింది.

ఆ చెంబు విద్య మీరూ గుర్తుపెట్టుకోండి. మూత్రం వస్తుండగానే గోరువెచ్చటి నీళ్ళు పోసుకోవాలి. అయిపోయాక కాదు, వస్తుండగానే. తరవాత మెత్తటి శుభ్రమైన గుడ్డతో అద్దుకోవాలి. రుద్దకూడదు. కడుక్కున్నా, తుడుచుకున్నా ఎప్పుడూ ముందు నుంచి వెనక్కే.

మొదటి రోజు గడిచాక వెచ్చటి నీళ్ళలో కూర్చోవచ్చు. ఆసుపత్రుల్లో దీన్ని సిట్జ్ బాత్ అంటారు. పేరుకు అదరకండి. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు చాలు. దాన్ని సబ్బుతో తోమి కడగండి. ఆ టబ్బు ఇక బాలింతకే. బట్టలు నానబెట్టేది వద్దు. నాలుగు వేళ్ళ ఎత్తున వెచ్చటి నీళ్ళు పోయండి. పసిబిడ్డకు నీళ్ళు పోసేముందు మోచెయ్యి పెట్టి చూస్తాం కదా. అలాగే చూడండి. మోచేతికి హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు. అందులో పది పదిహేను నిమిషాలు కూర్చోవాలి. రోజుకు రెండు మూడుసార్లు. విరేచనం అయ్యాక ఒకసారి కూర్చుంటే మరీ సుఖం. డెట్టాల్ లాంటివి పోయకండి. పచ్చి పుండు మండుతుంది. ఉత్త నీళ్ళు చాలు. లేచేటప్పుడు కళ్ళు తిరగవచ్చు. పక్కన ఒక మనిషి ఉండాలి. తలుపు గడియ పెట్టుకోవద్దు.

కుర్చీలో కూర్చునేటప్పుడు ఇంకొక చిట్కా. పిరుదులు రెండూ దగ్గరగా బిగించి, అప్పుడు మెల్లిగా కూర్చోవాలి. కుట్ల మీద లాగుడు తగ్గుతుంది. కూర్చోలేకపోతే పక్కకు తిరిగి పడుకుని పాలివ్వచ్చు. పేడ్ నాలుగైదు గంటలకొకసారి మార్చాలి. గుడ్డలు వాడేవాళ్ళు వాటిని సబ్బుతో ఉతికి ఎండలోనే ఆరెయ్యాలి. మంచం కింద, తలుపు చాటున ఆరెయ్యకండి. సిగ్గు కంటే ఎండ ముఖ్యం.

అన్నిటికంటే ముందు చేతులు కడుక్కోవాలి. వియన్నా నగరంలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు ఉండేవాడు. ఆయన ఆసుపత్రిలో బాలింతలు జ్వరంతో చనిపోతుండేవాళ్ళు. 1847లో ఆయన తోటి డాక్టర్లనూ విద్యార్థులనూ క్లోరిన్ కలిపిన నీళ్ళతో చేతులు కడుక్కుని గానీ కాన్పుల గదిలోకి రానివ్వలేదు. చావులు బాగా తగ్గిపోయాయి. అప్పటికి సూక్ష్మక్రిముల సంగతి లోకానికి సరిగా తెలియదు. చేతులు కడిగిన నీళ్ళే ఆ తల్లులను కాపాడాయి. కుట్లు కడుక్కునే ముందు, కడుక్కున్నాక, బిడ్డను ఎత్తుకునే ముందు సబ్బుతో చేతులు కడగండి. చూడ్డానికి వచ్చే చుట్టాలచేత కూడా కడిగించండి. మొహమాటపడకండి.

ఇక పొత్తికడుపు నొప్పి. "కాన్పు అయిపోయింది కదా, మళ్ళీ ఈ నొప్పులేమిటి?" అని అడుగుతారు. ముఖ్యంగా రెండో కాన్పు, మూడో కాన్పు తల్లులు. బిడ్డ రొమ్ము పట్టుకోగానే కడుపు మెలిపెడుతుంది. అది మంచికే. కాన్పు అవగానే గర్భసంచి సుమారు కిలో బరువుంటుంది. బొడ్డు దాకా తెలుస్తుంది. ఆరు వారాలకు అరవై డెబ్భై గ్రాములకు తగ్గిపోతుంది. తడిబట్ట పిండినట్టు అది ముడుచుకుంటూ పోతుంది. అలా ముడుచుకుంటేనే రక్తం ఆగుతుంది. బిడ్డ చీకినప్పుడు తల్లి ఒంట్లో ఆక్సిటోసిన్ అనే రసం ఊరుతుంది. పాలు దింపేదీ అదే, గర్భసంచిని ముడిచేదీ అదే. అందుకే రెండూ ఒక్కసారి జరుగుతాయి. నాలుగైదు రోజుల్లో ఈ నొప్పి సర్దుకుంటుంది.

ఇక్కడా నీళ్ళ సంగతే. మూత్రసంచి నిండుగా ఉంటే గర్భసంచి పైకి నెట్టుకుపోతుంది. సరిగా ముడుచుకోదు. నొప్పీ పెరుగుతుంది, రక్తమూ ఎక్కువ పోతుంది. కాన్పయిన కొత్తలో మూత్రం వస్తున్న సంగతి సరిగా తెలియదు. అందుకని తెలిసినా తెలియకపోయినా రెండు మూడు గంటలకొకసారి వెళ్ళిరావాలి. పాలిచ్చే ముందు వెళ్ళివస్తే నొప్పి తక్కువ ఉంటుంది. పొత్తికడుపు మీద గోరువెచ్చటి నీళ్ళ సంచి పెట్టుకున్నా హాయిగా ఉంటుంది.

విరేచనం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. వాన లేక ఎండిన చేలో మట్టిగడ్డ ఎలా ఉంటుందో, నీళ్ళు తాగని మనిషి కడుపులో మలం అలా ఉంటుంది. గడ్డకట్టిపోతుంది. కుట్లు ఊడిపోతాయేమోనని భయపడి రెండు మూడు రోజులు బిగబట్టుకుంటారు. ఇంకా గట్టిపడుతుంది. మొలలు వస్తాయి. కుట్లు అలా ఊడిపోవు తల్లీ. భయంగా ఉంటే శుభ్రమైన గుడ్డమడత కుట్ల దగ్గర అదిమి పట్టుకుని వెళ్ళు. నీళ్ళు తాగు. ఆకుకూర, జామపండు, బొప్పాయి పండు తిను. కాన్పయ్యాక 180 రోజులు వేసుకోమని ఇచ్చే ఐరన్ మాత్ర వల్ల కూడా విరేచనం గట్టిపడుతుంది, నల్లగా అవుతుంది. అలాగని మాత్ర మానకండి. మాత్రతో పాటు నీళ్ళు పెంచండి. అప్పటికీ కాకపోతే పాలిచ్చే తల్లులు వేసుకోదగ్గ మందులున్నాయి. అడిగి తీసుకోండి.

మూడో రోజో నాలుగో రోజో రొమ్ముల బాధ మొదలవుతుంది. పాలు ఒక్కసారిగా పడతాయి. రొమ్ము బిగుసుకుని నిగనిగలాడుతుంది. ముట్టుకుంటే కాలుతుంది. చనుమొన చుట్టూ ఉండే నల్లటి భాగం కూడా బిగుసుకుపోయి బిడ్డ నోటికి పట్టు దొరకదు. నిండా ఊదిన బుడగను పంటితో పట్టుకోగలమా? జారిపోతుంది. బిడ్డా అంతే. ఏడుస్తుంది. తల్లీ ఏడుస్తుంది.

అప్పుడు ఏం చెయ్యాలి? వెచ్చటి నీళ్ళలో తువ్వాలు ముంచి, పిండి, రొమ్ము చుట్టూ ఐదు నిమిషాలు వెయ్యాలి. తరవాత నల్లటి భాగానికి కాస్త వెనకగా బొటనవేలు పైన, చూపుడువేలు కింద పెట్టి మెల్లిగా ఒత్తి కొన్ని పాలు పిండెయ్యాలి. చెరువు నిండినప్పుడు తూము కొంచెం ఎత్తి వదులుతారు, అలాగ. అక్కడ మెత్తబడుతుంది. అప్పుడు బిడ్డను పెట్టాలి. బిడ్డ నోరు పెద్దగా తెరవాలి. చనుమొన ఒక్కటే కాదు, నల్లటి భాగం చాలావరకు నోట్లోకి వెళ్ళాలి. గడ్డం రొమ్ముకు ఆనాలి. తాగడం అయ్యాక చల్లటి తడిగుడ్డ వెయ్యాలి. ముందు వెచ్చన, తరవాత చల్లన. మళ్ళీ చెప్తున్నాను. పాలిచ్చే ముందు వెచ్చటి గుడ్డ, పాలిచ్చాక చల్లటి గుడ్డ. ఫ్రిజ్‌లో పెట్టిన క్యాబేజీ ఆకు కడిగి వేసుకున్నా చల్లగా హాయిగా ఉంటుంది.

చనుమొన పగిలితే, ఎక్కువసార్లు బిడ్డ సరిగా పట్టుకోకపోవడమే కారణం. నిలబడి చూసి సరిచేసే మనిషి కావాలి. ఆశా కార్యకర్తను గానీ నర్సును గానీ పిలవండి. సబ్బు పెట్టి కడగకండి. మీ పాలే రెండు చుక్కలు రాసి గాలికి ఆరనివ్వండి. పాలిమ్మనే అందరూ చెప్తారు, ఎలా ఇవ్వాలో చూపించేవాళ్ళే తక్కువ.

సిజేరియన్ ఆపరేషనైన తల్లులకు నాలుగు మాటలు. దగ్గొస్తే, తుమ్మొస్తే చిన్న దిండు కుట్టు మీద అదిమి పట్టుకోండి. లేచేటప్పుడు వెల్లకిలా నుంచి తిన్నగా లేవకండి. పక్కకు ఒత్తిగిల్లి, కాళ్ళు మంచం దింపి, చేత్తో నొక్కి లేవండి. డాక్టరు అనుమతించగానే నడవండి. ఇక పురిటి స్నానంలో పొట్ట మీద కాగే నీళ్ళు చెంబులతో కుమ్మరించడం ఉంది చూశారా, అది ఆపరేషనైన వాళ్ళకు అస్సలు పనికిరాదు. కుట్టు చుట్టూ చర్మం కొన్నాళ్ళు తిమ్మిరిగా ఉంటుంది. వేడి తెలియదు. కాలుతుంది. గోరువెచ్చటి నీళ్ళే పోయండి. గది తలుపులూ కిటికీలూ మూసి లోపల బొగ్గుల కుంపటి పెట్టే అలవాటుంటే, ఈ రోజే మానెయ్యండి. బొగ్గుల పొగలో రంగూ వాసనా లేని విషవాయువు ఉంటుంది. అది తల్లినీ బిడ్డనూ నిద్రలోనే తీసుకుపోగలదు.

నేను చెప్పిన నీళ్ళ ఉపాయాలు మామూలు బాధలకే. కొన్నిటికి ఇంట్లో ఆగకూడదు. ఈ భాగం మాత్రం చెవిన పెట్టుకోండి.

గంట లోపల ఒక పేడ్ పూర్తిగా తడిసిపోతే ఆగకండి. నిమ్మకాయంత రక్తం గడ్డలు పడితే ఆగకండి. జ్వరం 100.4 దాటినా, రక్తం కంపు కొట్టినా, కుట్టు ఎర్రబడి చీము కారినా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. భరించలేని తలనొప్పి, కళ్ళు మసకలు, ఫిట్స్ వస్తే అది బీపీ కావచ్చు. కాన్పయ్యాక కూడా వస్తుంది. ఒక్క కాలి పిక్కే వాచి నొప్పి పెడితే, ఊపిరి ఆడకపోతే, రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. కాపడం పెట్టి, కాలు పిసికి పొద్దు గడపకండి. ఆరు గంటలు దాటినా మూత్రం రాకపోతే చెప్పాలి. రొమ్ము ఒకవైపు ఎర్రబడి చలిజ్వరం వస్తే చూపించుకోవాలి. అప్పుడు కూడా పాలివ్వడం మానకూడదు. ప్రాణం మీదికొచ్చినట్టు అనిపిస్తే 108కి ఫోన్ చెయ్యండి.

ఇంకొకటి. కాన్పయిన మొదటి వారంలో ఊరికే కన్నీళ్ళు రావడం చాలామందికి ఉంటుంది. రెండు వారాలు దాటినా ఆ దిగులు పోకపోతే, బిడ్డ మీద మనసు పోకపోతే, చచ్చిపోవాలనిపిస్తే, అది జబ్బు. దానికి వైద్యం ఉంది. టెలీ మానస్ నంబరు 14416. తెలుగులో మాట్లాడతారు. "మూడు పూటలా తిండి పెడుతున్నాం, దీనికేం తక్కువ!" అని ఇంట్లోవాళ్ళు అనకండి. ఆ మాట ఆమెను ఇంకా లోతుకు తోస్తుంది.

ఆసుపత్రిలో కాన్పయిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త ఆరుసార్లు రావాలి. మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు, ఇరవై ఒకటో రోజు, ఇరవై ఎనిమిదో రోజు, నలభై రెండో రోజు. బిడ్డను తూచి వెళ్ళిపోనివ్వకండి. కూర్చోబెట్టి మీ బాధ కూడా చెప్పండి. రాకపోతే కబురు పెట్టండి. అది మీ హక్కు.

మా అమ్మ సంగతితో మొదలుపెట్టాను కదా. నా రెండో కాన్పుకు మళ్ళీ ఆమే పురుడు పోసింది. అప్పటికి నేను నర్సునయ్యాను. నీళ్ళ గురించి ఆమెకు వాదించి చెప్పలేదు. వార్డులో మా పెద్ద సిస్టరు దగ్గర కూర్చోబెట్టాను. ఆవిడ అన్నీ ఓపిగ్గా చెప్పింది. అమ్మ ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మరచెంబు ఒకటి బాగా తోమి, కాచి చల్లార్చిన నీళ్ళు నింపి, నా తలగడ పక్కన స్టూలు మీద పెట్టింది. రాత్రి బిడ్డ లేచినప్పుడల్లా మూత తీసి, గ్లాసులో పోసి నాకు అందించేది. "తాగవే" అనేది. "అప్పుడు నిన్ను ఎండగట్టానే" అని ఒకరోజు కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఈ మాటలు వింటున్న అమ్మలూ, అత్తగార్లూ, మీ ఇంట్లో ఇప్పుడు బాలింత ఉంటే ఈ రాత్రే ఆ మరచెంబు పెట్టండి. ఆ బిడ్డ తండ్రివి నువ్వు వింటుంటే, బాబూ, చెంబు నింపే పని నీది. బిడ్డ ఏడుపు వినగానే లేచి ముందు తల్లి చేతికి నీళ్ళివ్వు.